తీపికి తలుపు తీయని పేగు

పోయిన వారం కథ ఆపిన చోట నా చేతిలో ఒక తడిసిన పక్కగుడ్డ ఉంది. దాన్ని పట్టుకుని, పన్నెండు మంచాల వార్డు మధ్యలో నిలబడి, "ఎవరు? ఈ పాప నోట్లో ఎవరు ఏం పోశారు?" అని అరుస్తున్నాను. అరిస్తే జబ్బులు భయపడి పారిపోతాయని అప్పట్లో నాకో నమ్మకం ఉండేది.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్లకు నాలుగు ముక్కలు చెప్పాలి. అది 1992 ఆగస్టు. సూర్యాపేటలో నాకు చిన్నపిల్లల దవాఖాన ఉంది. పెన్‌పహాడ్ పక్కనున్న తండా నుంచి కమ్లి అనే ఇరవయ్యేళ్ల అమ్మాయి ముప్పై నాలుగు రోజుల ఆడపిల్లను ఎత్తుకొచ్చింది. పుట్టిన మూడో రోజు నుంచీ పాపకు నీళ్ల విరేచనాలు. మొదటి పిల్ల ఇలాగే నలభై రోజులకు పోయింది కాబట్టి దీనికి పేరు పెట్టడానికే జంకారు. తల్లిపాలు పడటం లేదేమోనని పాలు ఆపించి, ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్లు పట్టించాను. ఎక్కువైంది. వయసు చాలదని తెలిసీ గంజి తేట పట్టించాను. ఇంకా ఎక్కువైంది. చివరికి నోటికి అన్నీ బందు పెట్టి, ఒక రోజంతా చేతి నరానికి గ్లూకోజు బాటిల్ పెడితే, ధారగా పోతున్నవి టక్కున ఆగిపోయాయి. గండం గడిచిందని సంబరపడి, పొద్దున్నే నాలుగు చెంచాల ఉప్పు గ్లూకోజు నీళ్లు మళ్లీ పట్టించాను. ఎనిమిదయ్యేసరికి ఈ గుడ్డ.

"మీ నీళ్లే పట్టిన సారూ," అంది కమ్లి. అరుపుకి బెదరలేదు. ఉగ్గుగిన్నె నా ముందుకు చాచింది. అడుగున ఇంకా చెంచాడు నీళ్లున్నాయి.

నేను వేలు ముంచి నాలిక మీద వేసుకున్నాను. మా నీళ్లే. ఉప్పగా, కొంచెం తియ్యగా.

అయినా నమ్మలేదు. నమ్మితే నా చదువంతా తలకిందులైపోతుంది మరి. మంచం కింద మూట పెట్టుకుని కూర్చున్న అత్తగారి మీదికి తిరిగాను. ఆమె పేరు సక్కుబాయి. మోచేతుల దాకా గాజులు, కళ్లలో నిప్పులు. "పెద్దమ్మా, మూట విప్పు," అన్నాను.

విప్పింది. జొన్న రొట్టెలు, ఎల్లిపాయ కారం, ఒక దువ్వెన. పసిపిల్లకు పట్టేది ఒక్కటీ లేదు.

"నా మూటల ఏముంటది సారూ? ఉన్నదంత దాని రొమ్ములనే ఉన్నది," అని కోడలి వైపు చెయ్యి విసిరింది. "దాని పాలు ఇసం. పెద్దదాన్ని గట్లనే మింగింది. గిప్పుడు దీన్ని మింగుతది. మా తండాల అందరికీ ఎరికే."

గుమ్మం దగ్గర తువ్వాలు భుజాన వేసుకుని నిలబడ్డ రెడ్యా, అంటే కమ్లి మొగుడు, "యాడీ, జర ఊకో" అని తల్లిని బతిమాలాడు. ఆ బతిమాలడంలో గట్టితనం లేదు. సగం నమ్మినవాడి గొంతు అది.

"పాలు ఆపి ఆరు రోజులైంది, పెద్దమ్మా. పాలలో విషముంటే ఈ పొద్దున ఎందుకు పోవాలి?" అన్నాను. నాకే తెలియని దానికి నేనే లాయర్‌నయ్యాను.

అప్పుడు కమ్లి, "సారూ, జర వంగి గీడ సూడుండ్రి," అంది.

మంచం పక్క గోడ. కొత్తగా సున్నం వేయించిన గోడ. దాని మీద పిన్నీసుతో గీసిన గీతలు, రెండు వరసలు. ముందు నాకు కోపమే వచ్చింది. పైవరసలో పొడుగు గీతలు, అడ్డ గీతలు, చుక్కలు. కిందివరసలో సున్నాలు. అడ్మిట్ అయిన రోజు నుంచీ.

"మీరు రాసే కాయితం నాకు రాదు. నాది గిది," అంది. "నిలువు గీత పాలు. అడ్డగీత మీ నీళ్లు. రెండు గీతలుంటే గంజి. కింద సున్నాలు బయటికి పోయినయ్. సూడుండ్రి, పైన గీత పడ్డ గంటకు కింద సున్న పడ్డది. సూది పెట్టిన దినం పైన చుక్కలే ఉన్నయ్. నోరెండుతుందని కాచి సల్లార్చిన ఉత్త నీళ్లు తడిపిన. ఐదు చుక్కలు. కింద ఒక్క సున్న లేదు."

నేను మోకాళ్ల మీద కూర్చున్నాను. నర్సు రాసిన చార్టు నా చేతిలోనే ఉంది. అందులో ఇవే అంకెలు ఉన్నాయి. నేను వాటిని ఆరు రోజులుగా చూస్తూనే ఉన్నాను, చూడలేదు.

"తియ్యగున్నది లోపలికి పోతే బయటికొస్తది సారూ. సప్పటి నీళ్లు పోతే ఉంటయ్."

"గంజి చప్పగానే ఉంటుంది కదా?"

ఆమె ముఖం చిన్నబోయింది. "గదొక్కటే నాకు సమజ్ గాలే."

ఆమెకు ఒక్కటే అర్థం కాలేదు. నాకు అర్థం కానివి లెక్కపెట్టడానికి వేళ్లు చాలవు. పాప తల మీద వేలాడుతున్న బాటిల్ వైపు చూశాను. అందులో ఉన్నదీ గ్లూకోజే. చేతి నరంలోంచి వెళ్తే పిల్లను బతికిస్తోంది. నోట్లోంచి వెళ్తే చంపుతోంది. ఒకే కంపెనీ, ఒకే తీపి. పిచ్చెక్కినట్టయింది.

ఆ గుడ్డను అలాగే ల్యాబుకు పట్టుకెళ్లాను. ల్యాబు అంటే మెట్ల కింద గది. అందులో పరీక్షలు చేసే ఫకీరా, ఒక స్పిరిట్ దీపం, ఒక మైక్రోస్కోపు. "దీన్ని పిండి, నీలం మందులో కాచి చూడు," అన్నాను. షుగర్ పేషెంట్ల మూత్రానికి చేసే పరీక్ష అది. చక్కెర లేకపోతే మందు నీలంగానే ఉంటుంది. కొంచెం ఉంటే ఆకుపచ్చ, బాగా ఉంటే ఇటుక రంగు.

ఫకీరా నన్ను ఎగాదిగా చూశాడు. అయినా కాచాడు. నీలం పచ్చబడింది, పచ్చ పసుపైంది, అర నిమిషంలో ట్యూబు నిండా మట్టి ఇటుక.

"ఎవరిది సార్ ఇది? గింత షుగరుతోని మనిషి బతికి ఉన్నడా?"

"నలభై రోజుల పిల్లది. అది మూత్రం కాదు, విరేచనం."

ఫకీరా ట్యూబును దీపం మీద నుంచి తీయడం మరిచిపోయాడు. నోట్లో పోసిన గ్లూకోజు పేగు పొడవునా ప్రయాణం చేసి, ఎక్కడా దిగకుండా, చివరికి బయటికొచ్చేసింది. పేగు దాన్ని ముట్టలేదు.

నా బాధ మీకు అర్థం కావాలంటే, నేనెలాంటి మనిషినో చెప్పాలి. ఉప్పూ చక్కెర నీళ్ల విషయంలో నాది మతం లాంటిది. మిర్యాలగూడ, కోదాడ, మఠంపల్లి, ఎక్కడ సంత జరిగితే అక్కడ రిక్షాలో మైకు కట్టుకుని చెప్పేవాణ్ని. విరేచనాలైతే సెలైన్ కోసం పరిగెత్తకండి, ఈ నీళ్లు పట్టండి, ఆపకండి అని. ఎందుకు పనిచేస్తుందో కూడా చెప్పేవాణ్ని, జనానికి ఆ కథ ఇష్టం. పేగు గోడలో కోట్ల కణాలు ఉంటాయి. ప్రతి కణం చుట్టూ పల్చటి నూనె పొర. చక్కెర తనంతట తాను ఆ పొరను దాటలేదు. పొరలో అక్కడక్కడా ప్రొటీన్‌తో తయారైన ఒక కాపలావాడు కూర్చుని ఉంటాడు, వాడి చేతిలోనే తలుపు. ఒంటరిగా వచ్చిన చక్కెరకు తీయడు, ఒంటరిగా వచ్చిన ఉప్పుకు తీయడు. ఇద్దరూ చెయ్యి చెయ్యి పట్టుకుని వస్తేనే లోపలికి వదులుతాడు. వాళ్ల వెనకాలే నీళ్లు వెళ్తాయి. అందుకే ఉప్పొక్కటే చాలదు, చక్కెరొక్కటే చాలదు. ఈ ఒక్క కిటుకుతో వందల మంది పిల్లలు నా కళ్ల ముందు లేచి కూర్చున్నారు.

మరి ఈ పిల్ల దగ్గర ఆ కాపలావాడు ఏం చేస్తున్నాడు?

ఫోన్ దగ్గర కూర్చుని, హైదరాబాదులో నాకు పాఠాలు చెప్పిన శాంతమ్మ గారికి కలిపాను. మూడోసారికి దొరికారు. గీతల సంగతి, ఇటుక రంగు సంగతి గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఆవిడ మొత్తం విన్నారు.

"దామోదర్, కాపలావాడి కథ ఊరూరా చెప్పావు, బాగానే ఉంది. వాడు అందరి పేగులోనూ ఉంటాడని నీకెవరు చెప్పారు?"

"మేడమ్?"

"పుట్టుకతోనే వాడు సరిగ్గా తయారు కాని పిల్లలు ఉంటారు. చాలా చాలా అరుదు. నేను నా సర్వీసులో ఒక్కణ్నే చూశాను, చూశానని కూడా తర్వాత తెలిసింది. ఏ లోపం వల్ల తయారు కాడో పోయినేడాదే కనిపెట్టారు. చక్కెర లోపలికి పోలేక పేగులో నిలబడిపోతుంది. నిలబడి ఊరుకోదు, ఒంట్లో నీళ్లను తన దగ్గరికి లాక్కుంటుంది. నువ్వు ఎంత పట్టిస్తే అంత పోతుంది."

"పాలు?"

"పాలలో చక్కెర కడుపులో రెండుగా విడిపోతుంది. ఆ రెండింటికీ అదే తలుపు."

"గంజి?"

"అరిగితే అది కూడా గ్లూకోజే కదయ్యా."

కమ్లికి సమజ్ కాని గంజి సంగతి అది. పరీక్ష పాసైన నాకూ అంతసేపు తట్టలేదు.

"మరి నరంలోకి ఎక్కిస్తే ఎందుకు పడుతోంది?"

"నరంలోకి ఎక్కించాక పేగు దాటే పనేముంది? రక్తంలోంచి కండలోకి, మెదడులోకి వెళ్లే తలుపులు వేరు. అక్కడి కాపలావాళ్లు వేరు, వాళ్లకు ఉప్పు తోడు అక్కర్లేదు. వాళ్లంతా బాగానే ఉన్నారు. పేగులో ఒక్కడే లేడు." ఆవిడ గొంతు తగ్గించారు. "పండ్ల చక్కెర అని ఒకటుంది. దానికి పేగులో ఇంకో తలుపు. పాలకు బదులుగా దానితో చేసిన పొడి మధ్యాహ్నం బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపిస్తాను. తేనెలో ఉంటుంది కదా అని తేనె పట్టేవు సుమా, అందులో సగం గ్లూకోజే. ఆ పొడి వచ్చేదాకా నోటికి ఉత్త నీళ్లే. తల్లిదండ్రులిద్దరూ రక్తసంబంధీకులా?"

"అడగలేదు, మేడమ్."

"అడుగు."

ఫోన్ పెట్టేశాక నవ్వాలో ఏడవాలో తెలియలేదు. జబ్బు దొరికింది. పాప బతకడానికి దారి దొరికింది. కానీ ఆ మాట వార్డులో ఎలా చెప్పాలి? "తల్లిపాలు ఈ పిల్లకు పడవు, ఇక ఎప్పటికీ ఇవ్వద్దు." సక్కుబాయి వారం నుంచి అంటున్నది అదేగా. నా డిగ్రీ, ఆమె తిట్టు, రెండూ ఒకచోటికే వచ్చి చేరాయి.

మెత్తగా చెప్పాలనుకున్నాను. మెత్తగా చెప్పడం నాకు చేతకాదు. మొదటి వాక్యం పూర్తి కాకముందే సక్కుబాయి లేచి నిలబడింది.

"నేను జెప్తె ముసల్ది ఒర్రుతున్నది అన్నరు! గిప్పుడు సారే జెప్పిండు! రెడ్యా, ఇన్నవా? దీన్ని నాయన దగ్గర తోలిరా. ఇగ దీంతోని నీకు సంసారం వద్దు. ఇంకో పిల్లను జూస్త."

రెడ్యా తల దించుకున్నాడు. కమ్లి పాపను దగ్గరికి తీసుకోబోయి, తన రొమ్ముకు తగులుతుందేమోనని చేతులు వెనక్కి తీసుకుంది. అది చూసి నా ఒళ్లు మండిపోయింది.

"కూర్చో పెద్దమ్మా! పాలలో ఏమీ లేదు. ఆ పాలు ఇంకే పిల్లకు పట్టినా బంగారంలా పెరుగుతుంది. లోపం పాప పేగులో ఉంది. లోపలికి పోయే తలుపు తయారు కాలేదు." వాళ్లకు తెలిసిన మాటల్లో ఎలా చెప్పాలా అని వెతుక్కున్నాను. "వడ్లాయన తలుపు చెయ్యాలంటే కొలతలు కావాలి కదా. ప్రతి బిడ్డకూ ఆ కొలతలు రెండు కాగితాల మీద వస్తాయి. ఒకటి తల్లి ఇస్తుంది, ఒకటి తండ్రి ఇస్తాడు. ఒక్కటి సరిగ్గా ఉన్నా చాలు, తలుపు తయారవుతుంది. కమ్లి దగ్గర ఒకటి మంచిది, ఒకటి తప్పుది. రెడ్యా దగ్గరా అంతే. అందుకే వీళ్లిద్దరూ గట్టిగా ఉన్నారు. పాపకు మాత్రం ఇద్దరి నుంచీ తప్పు కాగితమే వచ్చింది. తప్పంటూ ఉంటే సగం కోడలిది, సగం నీ కొడుకుది."

"నా కొడుకుదా!" సక్కుబాయి రొమ్ము మీద చెయ్యి వేసుకుంది. "మా ఇంటి రగుతంల గసుమంటిది లేదు సారూ. గదంత దాని పుట్టింటి కెల్లి వచ్చింది."

"రెడ్యా, కమ్లి నీకు పెళ్లికి ముందు ఏమైనా వరసా?"

రెడ్యా నోరు తెరిచేలోగా కమ్లే చెప్పింది. "గీ అత్త మా సొంత మేనత్తనే సారూ. మా నాయన బాల్యా ఆమెకు సొంత తమ్ముడు. నేను పుట్టినప్పుడే కోడలని అన్నది."

లెక్క నాకంటే ముందు సక్కుబాయికే అందింది. కోడలి పుట్టిల్లు అంటే తన పుట్టిల్లే. తమ్ముడి నుంచి ఒక కాగితం కమ్లికి వచ్చింది, తన నుంచి ఒకటి రెడ్యాకు వెళ్లింది. ఆమె మెల్లగా నేల మీదికి జారి, మూట ఒళ్లో పెట్టుకుంది.

"గట్లయితే నేను గూడ ఇచ్చిన్నా సారూ?" అంది. ఆ గొంతులో ఇందాకటి నిప్పు లేదు.

"తెలిసి ఎవరూ ఇవ్వలేదు, పెద్దమ్మా."

ఆమె కోడలి వైపు చూడలేకపోయింది. కొంతసేపటికి చేయి చాచి, కమ్లి పాదం మీద పెట్టింది. అత్తలు అలా చేయరు. కమ్లి పాదం వెనక్కి తీసుకోలేదు, ఆ చేతిని చూడనూ లేదు. ఆమె కళ్లు ఇంకెక్కడో ఉన్నాయి.

"సారూ, పెద్దదానికి గూడ మీ నీళ్లే పట్టిన. నలభై దినాలు. అది వద్దని మొకం తిప్పుకుంటే గూడ పట్టిన."

వద్దని మొహం తిప్పుకున్న పిల్ల నోట్లో నా మైకు మాటలే పోసింది ఆ తల్లి. నేను దాచుకోకుండా చెప్పాను. "నీ తప్పు కాదమ్మా. నాకే తెలియదు. నేనైనా అదే పట్టేవాణ్ని. ఈ వారం పట్టాను కూడా."

ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఉన్నట్టుండి మొగుడి వైపు తిరిగి, వాళ్ల భాషలో ఏదో గబగబా అడిగింది. రెడ్యా ముఖం పాలిపోయింది.

"ఏమిటి?"

"మా చెల్లె భూలి సారూ," అంది కమ్లి. "ఈయన తమ్ముడు శంకర్‌కే ఇచ్చినం. కాన్పుకు మా నాయన ఇంటికి పోయింది, చిలుకూరు పక్క తండాకు. కొడుకు పుట్టి పన్నెండు దినాలు. నిన్న మా నాయన నన్ను జూడ వచ్చిండు. భూలి కొడుక్కి గూడ మోషన్లు అయితున్నయ్ అన్నడు."

"ఎప్పటి నుంచి?"

"తెల్వది సారూ. మొగోడు, ఏమడిగినా అయితున్నయ్ అనే అంటడు. నా తాన ఉన్న మీ ఉప్పు గ్లూకోజు పొట్లాలన్ని ఆయన చేతుల బెట్టిన. నీళ్లల్ల కలిపి పడుతనే ఉండుండ్రి, ఆపితే పిల్లగాడు సచ్చిపోతడు అని జెప్పిన. ఒట్టు వేయించుకున్న సారూ. మా నాయన ఇగ ఆపడు."

అక్కాచెల్లెళ్లు, అన్నదమ్ములు. అదే కుదురు. గోడ గడియారం పన్నెండు దాటింది. రెడ్యా అప్పటికే చెప్పులు వేసుకున్నాడు. పన్నెండున్నరకు కోదాడ బస్సుంది. కోదాడ నుంచి చిలుకూరు, అక్కడి నుంచి తండాకు నడక. తండాలో ఫోన్ లేదు.

"వెంటనే పిల్లవాణ్ని ఎత్తుకుని ఇక్కడికి తీసుకురా," అన్నాను.

"తెస్త సారూ. తెచ్చేసరికి పొద్దు గూకుతది. అందాక నోట్లె ఏం పొయ్యమంటరు?"

ఆపమని చెప్పడానికి నోరు తెరిచాను. కానీ భూలికి ఆ తప్పు కాగితం వచ్చిందో లేదో నాకేం తెలుసు? శంకర్‌కు వచ్చిందో లేదో? ఇద్దరికీ వచ్చినా, నలుగురు పిల్లల్లో ఒక్కరికే ఇలా అవుతుంది. ఆ పిల్లవాడివి అన్ని ఊళ్లలో అందరు పిల్లలకూ అయ్యే విరేచనాలే అయితే, వాణ్ని పొద్దుగూకే దాకా బతికించేది ఆ నీళ్లూ, తల్లిపాలే. అవి ఆపించి నేనే చంపినవాణ్ని అవుతాను. అలా కాక ఈ పాప జబ్బే వాడిదీ అయితే, పోసిన ప్రతి చెంచా వాణ్ని ఇంకొంచెం ఎండబెడుతుంది.

నలభై అయిదు కిలోమీటర్ల అవతల ఉన్న పిల్లవాణ్ని చూడకుండా, ముట్టకుండా, ఒక్క మాట చెప్పాలి. నా దగ్గర రెండు మాటలున్నాయి. ఒకటి ప్రాణం పోస్తుంది, ఒకటి తీస్తుంది. ఏది ఏదో నాకు తెలియదు.

రెడ్యా గుమ్మంలో నిలబడి ఉన్నాడు. కమ్లి, సక్కుబాయి, ఇద్దరూ నా నోటి వైపే చూస్తున్నారు.

"బస్సు పోతది సారూ," అన్నాడు రెడ్యా. "పట్టమనాల్నా? ఆపమనాల్నా?"